మూడో రాయి నేనే తెచ్చాను: యూకేలోని మన తెలుగు ట్రెక్కింగ్ గ్రూపులకు బహిరంగ లేఖ

అడ్మిన్లందరికీ, శని ఆదివారాలు కార్లు నింపుకుని డెవన్‌లోని డార్ట్‌మూర్ కొండబీళ్లకి వచ్చే అన్నలకీ అక్కలకీ తమ్ముళ్లకీ నమస్కారం.

ముందు నా తప్పు చెప్పేసుకుంటాను, లేకపోతే "వచ్చాడండీ నీతులు చెప్పడానికి" అని రెండో పేరాలోనే ఫోన్ పక్కన పడేస్తారు. రెండేళ్ల కిందట ఆగస్టు బ్యాంక్ హాలిడేకి మనవాళ్లం ముప్పై మందికి పైగా వెన్‌ఫర్డ్ రిజర్వాయర్ దగ్గర కార్లు పెట్టి హోన్ మూర్ మీదికి ఎక్కాం (హోల్న్ అని రాస్తారు, పలికేటప్పుడు మధ్యలో ల్ మింగేస్తారు). మ్యారినేట్ చేసిన చికెన్, పెద్ద గిన్నె, పేపర్ ప్లేట్లు, ఒక స్పీకరు, పిల్లలు, అంతా మామూలే. గాలికి గ్యాస్ స్టవ్ నిలవలేదు. ఎవరో "మూడు రాళ్లు పెడితే సరిపోదా, మన ఊళ్లో పెళ్లి వంటలు దేని మీద చేస్తారు" అన్నారు. అక్కడ రాళ్లకేం కొదవ? నడుములోతు పెరిగిన బ్రాకెన్ (ఒక రకం ఫెర్న్ మొక్క) పొదల మధ్య గడ్డీ నాచూ పట్టిన ఒక పొడవాటి రాళ్ల కుప్ప కనబడింది, మోకాలెత్తు కూడా లేదు. తలా ఒక రాయి లాగారు. మూడో రాయి నేనే తెచ్చాను. లాగినప్పుడు దాని అడుగున నల్లటి తడిమట్టి, రెండు పురుగులు, ఇంకేం లేవు. చికెన్ బాగా కుదిరింది, అదీ ఒప్పుకోవాలి.

ఆ కుప్ప ఏంటో నాకు ఫిబ్రవరి దాకా తెలియలేదు.

ఫిబ్రవరిలో ఒక గైడెడ్ వాక్‌కి వెళ్లాను, ఆఫీసులో ఒకావిడ బలవంతం మీద. కోంబ్‌స్టోన్ టోర్ దగ్గర రోడ్డు పక్కనే చిన్న పార్కింగ్ ఉంటుంది, దిగి పది అడుగులు వేస్తే బండరాళ్ల గుట్ట. అక్కడ నిలబెట్టి గైడు ఎదురుగా డార్ట్ నది లోయ అవతలి కొండవాలు చూపించింది. బ్రాకెన్ అంతా చచ్చి గోధుమరంగులో నేలకి అంటుకుపోయి ఉంది, ఎండ బాగా ఏటవాలుగా పడుతోంది, ఆ వెలుగులో కొండ మీద గీతలు లేచాయి. ఒకటి కాదు, పది కాదు. ఒకదాని పక్కన ఒకటి, సమాంతరంగా, నోట్‌బుక్ పేజీ మీద రూళ్లలాగా కొండ ఎక్కి అవతలికి దిగిపోతున్నాయి. "ఇవి పొలం హద్దులు, సుమారు 3,500 ఏళ్లవి, మనం నిలబడిన వైపు కూడా ఇదే ఏర్పాటు ఉంది, మీ కాళ్ల వెనకాలే" అంది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి, ఆగస్టులో నేను రాయి పీకిన కుప్ప లాంటిదే, కాకపోతే ఇప్పుడు బ్రాకెన్ లేదు కాబట్టి కుప్పలా లేదు. గట్టులా ఉంది. అచ్చం మా పొలం గట్టులా ఉంది.

ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం ఆ మాటే. గట్టు.

గట్టు అంటే ఏంటో ఈ దేశంలో ఎవరికైనా మనం చెప్పగలం కదండీ. మాది పల్నాడు. మా నాన్నా మా పెదనాన్నా గట్టు మీద రెండు సాళ్ల మేర కోసం పదకొండేళ్లు మాట్లాడుకోలేదు, మా అక్క పెళ్లికి కూడా పెదనాన్న పందిట్లోకి రాకుండా బయట నిలబడి అక్షింతలు వేసి వెళ్లిపోయాడు. హద్దురాయి అరగజం జరిపారని తలలు పగలగొట్టుకున్న ఊళ్లు మనవి. తెలంగాణ వాళ్లు గెట్టు పంచాయితీ అంటారు, మేం గట్టు తగాదా అంటాం, సర్వేయరు వచ్చి గొలుసు లాగితే ఊరంతా వెనకాల నడుస్తుంది. అలాంటి మనం, ఎవరో కట్టిన గట్టులోంచి రాయి పీకి పొయ్యి పెట్టాం. కట్టినవాళ్లు చచ్చిపోయి 3,500 ఏళ్లయింది కాబట్టి కర్రలు పట్టుకుని రాలేదు, అంతే.

వీటిని ఇక్కడ రీవ్ అంటారు. స్థానిక మాట. ఎక్కువ చోట్ల అర మీటరు ఎత్తు, మీటరో రెండు మీటర్లో వెడల్పు, గ్రానైట్ రాళ్లూ మట్టీ కలిసి గడ్డి కప్పేసి ఉంటుంది. విడిగా చూస్తే ఏమీ అనిపించదు, మన తప్పు అక్కడే మొదలవుతుంది. 19వ శతాబ్దంలో ఇక్కడి చదువుకున్న దొరలు కూడా వీటిలో చాలావాటిని పాతకాలం దారులు అనుకున్నారు, అలాగే రాసిపెట్టారు. దారి అనుకోవడంలో తప్పు లేదు, ఎందుకంటే బురదలో నడిచేవాడికి రాళ్ల వరుస కనబడితే దాని మీదే నడుస్తాడు, గొర్రెలూ అలాగే నడుస్తాయి, ఈరోజుకీ చాలా రీవ్‌ల మీద కాలిబాట ఉంటుంది. కానీ ఒకే వైపు, ఒకే ఎడంతో, పక్కపక్కనే అన్నేసి దారులు ఎవరికి కావాలి? 1968లో ఎలిజబెత్ గాన్, జాన్ సోమర్స్ కాక్స్ అనే ఇద్దరు ఈ సమాంతర రీవ్‌ల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. తర్వాత 1970ల్లో ఆండ్రూ ఫ్లెమింగ్ అనే పురావస్తు శాస్త్రవేత్త కొండలన్నీ కాలినడకన తిరిగి, గీత పట్టుకుని గీత వెంట పోయి, ఇది ఒక పొలమో రెండు పొలాలో కాదు, డార్ట్‌మూర్ చుట్టూరా భూమినంతా పంచుకున్న పెద్ద ఏర్పాటు అని తేల్చాడు. కంచుయుగం నాటిది, క్రీ.పూ. 1700 – 1500 ప్రాంతంలో మొదలైంది. మా గుంటూరు వైపు మేం గొప్పగా చెప్పుకునే అమరావతి స్తూపానికి ఇంకా వెయ్యేళ్లకు పైనే ముందు.

ఎంత పెద్దదంటే, రిప్పన్ టోర్ దగ్గరున్న ఏర్పాటు ఒక్కటే 3,000 హెక్టార్లకు పైగా ఉంటుంది, అంటే ఏడు వేల ఎకరాల పైమాటే. డార్ట్‌మీట్ ఏర్పాటు, మనం పొయ్యి పెట్టింది దాంట్లోనే, నది లోయ అడ్డం వచ్చినా ఆగదు. గీత లోయ అంచు దాకా వచ్చి అవతల ఒడ్డున అదే దిక్కులో మళ్లీ మొదలవుతుంది. వాగు వస్తే గట్టు వంగుతుంది, గుట్ట వస్తే చుట్టి పోతుంది, మనకి తెలిసిన పద్ధతి అది. ఇక్కడ గుట్టనీ లోయనీ లెక్కచేయకుండా తాడు లాగినట్టు గీశారు. దిక్సూచి లేదు, కాగితం లేదు, రాత లేదు.

అదంతా ఒక్కసారే ప్లాన్ వేసి చేశారా, లేక మెల్లమెల్లగా పాత కంచెల్ని కలుపుకుంటూ పోతే అలా తయారైందా అన్నది పండితుల తగాదా, ఇంకా తెగలేదు. ఫ్లెమింగ్ మొదటి వైపు, ఊళ్లన్నీ కూడి మాట్లాడుకుని చేసిన పని అంటాడు. తర్వాత వచ్చినవాళ్లలో కొందరు రెండో వైపు. నాకు తోచింది చెప్పమంటే, గట్టు తగాదాలు చూసి పెరిగినవాణ్ణి కాబట్టి, ఏడు వేల ఎకరాలు ఒక్క పూటలో కూర్చుని పంచుకున్నారంటే నమ్మబుద్ధి కాదు. మా పెదనాన్నని ఒప్పించడానికే పదకొండేళ్లు పట్టింది. ఈ తగాదాకి ఆధారం ఎక్కడుందో తెలుసా? రాళ్ల కింద. ఇదే హోన్ మూర్‌లో ఫ్లెమింగ్ తవ్వినప్పుడు రాతి రీవ్ అడుగున వరసగా కర్రలు పాతిన గుంతల ఆనవాళ్లు దొరికాయి, అంటే రాళ్లు పేర్చకముందే అదే గీత మీద కర్ర కంచె ఉందన్నమాట. ముందు కర్ర, తర్వాత రాయి. ఆ గుంతలు ఏమైనా పెద్దవా, మట్టి రంగులో చిన్న తేడా, అంతే, మనలాంటివాడు చూస్తే నల్లటి తడిమట్టీ రెండు పురుగులూ కనబడతాయి. పైగా రాయి కప్పిన నేల ఆనాటి నేల. ఆ నేలలో ఆనాటి పుప్పొడి నిలిచి ఉంటుంది, దాన్ని మైక్రోస్కోపు కింద చూసి అప్పుడు అక్కడ చెట్లున్నాయా, పచ్చికా, పైరా అన్నది చెబుతారు. నేను రాయి ఎత్తిన క్షణంలో ఆ మూత తీసేశాను. మళ్లీ పెట్టినా మూత మూతే కానీ సీలు పోయింది.

ఇక్కడి మట్టి పులుపు ఎక్కువ, ఎముక మిగలదు. ఆవు మేసిందో గొర్రె మేసిందో ఎముకలు చూసి చెబుదామంటే కుదరదు. మరెలా తెలిసిందంటే, మూర్ నైరుతి అంచున షా మూర్ అనే చోట 1970ల చివర్లో, చైనా క్లే (పింగాణీకి వాడే తెల్లమట్టి) గనుల తవ్వకం మీదికి వస్తోందని ముందుగానే పురావస్తు తవ్వకాలు చేశారు. అక్కడ రీవ్ పక్క కందకం అడుగున ఆవుల, గొర్రెల గిట్టల గుర్తులు దొరికాయి. బురదలో దిగిన గిట్ట, దాని మీద పీట్ (సగం కుళ్లిన మొక్కల మట్టి) పేరుకుని, అలా ఉండిపోయింది.

ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఉట్నూరు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, మక్తల్ దగ్గరిది, ఇప్పుడు నారాయణపేట జిల్లా. అక్కడి బూడిద దిబ్బని 1957లో రేమండ్ ఆల్చిన్ అనే ఇంగ్లిష్ ఆయన తవ్వితే, ఆ బూడిద పేడ కాల్చింది, ఆ దిబ్బ ఒకప్పటి పశువుల దొడ్డి అని తేలింది, దాంట్లో కూడా పశువుల గిట్టల ముద్రలు దొరికాయి. 4,000 ఏళ్ల పైబడిన గిట్టలు! మనవాళ్లు అంతకుముందు దాన్ని ఏదో రాక్షసుల బూడిద అనుకునేవాళ్లు. అదే జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లని 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో పెట్టారు, ఆ వార్త మన గ్రూపుల్లో అందరం ఫార్వర్డ్ చేసుకుని చప్పట్ల ఎమోజీలు పెట్టుకున్నాం. ముడుమాల్ రాయి పీకి ఎవడైనా పొయ్యి పెడితే ఏమంటాం? చెప్పండి.

డొంకల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రీవ్‌లన్నీ గట్లే కాదు. కొన్నిచోట్ల రెండు రీవ్‌లు పక్కపక్కన సాగుతూ మధ్యలో సందు వదులుతాయి. గైడు దాన్ని ఏదో మాటతో చెప్పింది కానీ నాకు నోట్లోకి వచ్చింది డొంక అనే మాటే, గోదావరి వాళ్లయితే పుంత అంటారు. పైరు మీద పడకుండా పశువుల్ని రెండు గట్ల మధ్య నుంచి తోలుకుపోయే దారి. అది పైకి పోయి ఎక్కడ తేలుతుందంటే, పొలాల చివర్న అడ్డంగా ఒక పెద్ద రీవ్ ఉంటుంది, హోన్ మూర్ మీద దాని పేరు వెన్‌ఫర్డ్ రీవ్. పొలం గట్లన్నీ దాని దగ్గరికొచ్చి ఆగిపోతాయి. అవతల ఇక గీతల్లేవు, అంతా బయలు. పొలిమేర దాకా తలా ఒక చెక్క, పొలిమేర దాటితే ఊరుమ్మడి బీడు, అదే లెక్క. హోన్ మూర్ ఈరోజుకీ ఉమ్మడి పచ్చికే, హక్కున్న రైతులు ఇప్పటికీ అక్కడ ఆవుల్నీ గొర్రెల్నీ పోనీల్నీ వదులుతారు. మా ఊళ్లో రెండు బళ్లు ఎదురుబొదురుగా తప్పుకునే డొంక ఉండేది, ఇప్పుడు ఇరుపక్కలా కలిపేసుకుంటే బైకు కూడా కష్టం, నలభై ఏళ్లలో పోయింది. ఇక్కడిది 3,500 ఏళ్లు ఉంది.

ఉండటానికి కారణం మంచితనం కాదు లెండి. చలి, వాన పెరిగి, నేల పులిసి, పీట్ పరుచుకుని, క్రీ.పూ. 1000 నాటికల్లా పై మూర్ మీద కాపురాలు చాలావరకు ఖాళీ అయ్యాయి. తర్వాత అక్కడ నాగలి పెద్దగా దిగలేదు. కింద మైదానాల్లోనూ ఇలాంటి గట్లు ఉండే ఉంటాయి, దున్నేశారు. పైన మిగిలాయి, మిగిలినవాటి మీదికి మనం వారాంతాల్లో వెళ్తున్నాం.

మనుషుల సంగతి ఒక్కటి చెప్పి అసలు విషయానికొస్తాను. 2011లో వైట్‌హార్స్ హిల్ మీద పీట్‌లో కూరుకున్న ఒక రాతి పెట్టె లాంటి సమాధి తవ్వారు, ఈ గట్లు మొదలైన కాలానికి దగ్గరిదే. కాల్చిన అస్థికల్ని ఎలుగుబంటి తోలులో చుట్టి పెట్టారు, పక్కన అల్లిన బుట్ట, దాంట్లో దాదాపు 200 పూసలు, తగరపు గుబ్బలు కుట్టిన చేతి పట్టీ, కొయ్యని తిప్పుతూ చెక్కిన చెవి దిద్దుల్లాంటి బిళ్లలు. చిన్న వయసు మనిషి, బహుశా ఆడపిల్ల అంటున్నారు. ప్లిమత్‌లో ది బాక్స్ మ్యూజియంలో ఉన్నాయవి. వెళ్లినప్పుడు చూడండి, నేను మా పాపతో వెళ్లాను, ఆ దిద్దుల దగ్గర అది చాలాసేపు కదల్లేదు.

ఇప్పుడు అడ్మిన్లకి నేను అడిగేది. ఈవెంట్ పోస్టు పెట్టేటప్పుడు "బార్బెక్యూ ఉంది, రాళ్లు అక్కడే దొరుకుతాయి" అనే లైను తీసేయండి. నేను చూసిన మూడు గ్రూపుల్లోనూ ఆ లైను కాపీ పేస్ట్ అయి తిరుగుతోంది, ఎవరు మొదలుపెట్టారో తెలియదు, పేర్లు నాకనవసరం. నేషనల్ పార్కు బైలాస్ ప్రకారం మూర్ మీద మంట వేయడమే నిషేధం, రాళ్ల సంగతి దాని తర్వాత. ఊరికే పెట్టిన రూలు కాదు, కిందున్నది పీట్, వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న మొక్కల మట్టి, ఎండాకాలం ఎండితే నిప్పు లోపలికి దిగి పైకి కనబడకుండా రోజుల తరబడి కాలుతుంది. మనం నీళ్లు పోసి ఆర్పేశాం అనుకుని కారెక్కేస్తాం. వేడికి గ్రానైట్ పెచ్చులు లేస్తుంది, అదీ చూశాను. ఇంట్లో వండుకుని హాట్‌ప్యాక్‌లో తెచ్చుకుంటే పోయేదేముంది, పులిహోర, దద్దోజనం అనేవి కనిపెట్టిందే ప్రయాణాల కోసం.

రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఫొటో దిగడం కూడా ఆపండి దయచేసి. ఆ పేర్చే రాయి ఆకాశంలోంచి ఊడిపడదు, ఏదో గట్టులోంచో, గుండ్రటి ఇంటి గోడలోంచో వస్తుంది. డార్ట్‌మూర్ మీద కంచుయుగపు గుండ్రటి ఇళ్ల పునాదులు వేలల్లో ఉన్నాయి, గ్రిమ్స్‌పౌండ్ ఒక్కచోటే ప్రహరీ లోపల 24 ఉన్నాయి. పిల్లలు వాటి గోడల మీద ఎక్కి గెంతుతుంటే మనం వీడియో తీస్తాం. నేనూ తీశాను, ఫోన్లో ఉంది ఇంకా. వెయ్యికి పైగా చోట్లకి పురాతన కట్టడాల 1979 చట్టం కింద రక్షణ ఉంది, వాటిని పాడుచేస్తే నేరం, కానీ అక్కడ బోర్డులేవీ ఉండవు, కంచె ఉండదు, టికెట్ కౌంటర్ ఉండదు. గోల్కొండకి వెళ్తే గేటు ఉంటుంది కాబట్టి లోపలికి వచ్చామని తెలుస్తుంది, ఇక్కడ అలా తెలియదు, అందుకే మ్యాపు చూడమంటున్నాను. ఆర్డ్నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల ఓఎల్ 28 మ్యాపు కొనండి, దాంట్లో పాత కట్టడాల పేర్లు మాత్రం వంకర్లు తిరిగిన గోథిక్ అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాలు కనబడిన చోట భోజనాలకి కూర్చోవద్దు, అంత తేలికైన గుర్తు.

టెంట్ల గురించి కూడా కొందరు అడుగుతున్నారు. 2025 మేలో యూకే సుప్రీంకోర్టు డార్ట్‌మూర్ ఉమ్మడి భూముల మీద వైల్డ్ క్యాంపింగ్ హక్కు ఉందని తీర్పు ఇచ్చిన మాట నిజమే, ఆ రోజు నేనూ సంబరపడ్డాను. అయితే హక్కు అంటే వీపుకి తగిలించుకున్న చిన్న టెంటుతో ఒకటి రెండు రాత్రులు అని, ముప్పై మంది వరండా టెంట్లతో రావడం అని కాదు. రోడ్డుకి 100 మీటర్ల లోపల వేయకూడదు, ఎక్కడపడితే అక్కడ వేయకూడదు, ఎక్కడ వేయొచ్చో పార్కు వాళ్ల మ్యాపు ఉంది. ఆ హక్కు కోసం ఇక్కడివాళ్లు వేలమంది నడిచారు, కోర్టుల చుట్టూ తిరిగారు. అది ఎవరివల్లైనా పోతే, ఆ ఎవరిలో మన పేరు ఉండటం నాకు ఇష్టం లేదు. ఇక్కడ మనం పది మందిలో తేలిగ్గా గుర్తుపట్టేవాళ్లం, ఆ టెన్షన్ మీకూ ఉంటుంది.

నా రాయి సంగతి అడుగుతారని తెలుసు. మార్చిలో ఒక్కణ్ణే వెళ్లాను వెనక్కి పెట్టేద్దామని. పొయ్యి దొరికింది, మసి ఇంకా ఉంది, మూడు రాళ్లూ ఉన్నాయి, గడ్డి కాలిన చోట నేల బోడిగా ఉంది. గట్టు దగ్గరికి తీసుకెళ్లి నిలబడ్డాను. ఎక్కడ నుంచి తీశానో తెలియలేదు. నాచు లేని ఖాళీలు నాలుగైదు ఉన్నాయి, ఏది నాదో, ఏది గొర్రె కదిపిందో, ఏది నాకంటే ముందొచ్చిన గ్రూపుదో. ఊహించి ఏదో ఒక చోట దూరిస్తే అది ఇంకో తప్పు. మా నాన్నయితే సర్వేయరు వచ్చేదాకా హద్దురాయి ముట్టుకోవద్దు అనేవాడు. పక్కనే పెట్టి, ఫొటో తీసి, గ్రిడ్ నంబరుతో సహా పార్కు పురావస్తు విభాగానికి మెయిల్ రాశాను, పేరు దాచుకోలేదు. చెప్పినందుకు థాంక్స్ అని, ఇంకేం కదపొద్దని జవాబు వచ్చింది. మీలో కూడా ఎవరైనా అలా పీకి ఉంటే ఇదే చేయండి, తిట్టరు.

వచ్చే ఫిబ్రవరిలో, బ్రాకెన్ మళ్లీ మొలవకముందు, ఒక శనివారం ఉదయం పదిన్నరకి నేను కోంబ్‌స్టోన్ టోర్ పార్కింగ్‌లో ఉంటాను. ఎండ కాస్తే అవతలి వాలు మీద గీతలు పన్నెండు దాకా బాగా కనబడతాయి, వాన పడితే ఏమీ కనబడవు, అప్పుడు కార్లలో కూర్చుని తినేసి వెళ్లిపోదాం. పది మందికి మించి రావద్దు, పార్కింగ్ చిన్నది. పులిహోర నేను తెస్తాను, ఫ్లాస్కుల్లో టీ మీరు తెచ్చుకోండి, కాళ్లకి మాత్రం మంచి బూట్లు వేసుకోండి, స్నీకర్లతో వచ్చినవాళ్లని పోయినసారి భుజాల మీద మోసినంత పనైంది.

ఇట్లు,
మూడో రాయి తెచ్చినవాడు
డెవన్